తీగ కనిపించినా దెయ్యం దెయ్యమే

1896లో పారిస్‌లో ఒక కెమెరా మొరాయించింది. జార్జ్ మెలియెస్ అనే గారడీ విద్వాంసుడు ఒపేరా కూడలిలో నిలబడి వచ్చేపోయే బళ్ళను తీస్తుండగా ఫిల్ము ఇరుక్కుంది. దాన్ని సరిచేసి మళ్ళీ తిప్పేసరికి కాస్త సమయం పట్టింది. తర్వాత తెర మీద వేసి చూసుకుంటే, జనాన్ని ఎక్కించుకున్న గుర్రబ్బండి ఉన్నపళాన శవాల బండిగా మారిపోయింది. ఈ సంగతి మెలియెస్ స్వయంగా చెప్పుకున్నదే. కెమెరా ఆపి, మనిషిని మార్చి, మళ్ళీ తిప్పడమనే కిటుకును ఆయన తన సినిమాలకు ప్రాణంగా చేసుకున్నాడు. అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలోనే ఉంది. అయినా ఆ కిటుకు గోదావరి జనానికి చేరింది మద్రాసు స్టూడియోల మీదుగానే, రీళ్ళ పెట్టెల్లో, చాలా ఏళ్ళ తర్వాత.

యానాం నుంచి సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే కాకినాడ. చిత్తజల్లు పుల్లయ్య ఊరది. మూకీల కాలంలోనే ఆయన అక్కడ మార్కండేయుడి కథను సినిమాగా తీశాడు. 1942లో జెమినీ వారికి ఆయనే ‘బాలనాగమ్మ’ తీశాడు. అందులో మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావును చూసి పిల్లలు జడుసుకున్నారని పాతతరం వాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. ఆ భయంలో కెమెరా పనికన్నా సుబ్బారావు కళ్ళకూ గొంతుకూ ఎక్కువ వాటా ఉందని నా నమ్మకం. ఇంకో సంగతి కూడా ఉంది. మరాఠీ ప్రాణం ఎక్కడో దూరాన చిలుకలో ఉందని ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఆ చిలుక దొరికేదాకా వాడికి చావు లేదు. ఆ కట్టుబాటును కథ ఎక్కడా తప్పలేదు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

తెలుగు తెర మీద దెయ్యానికి ఒక రూపం, ఒక నడక, ఒక నవ్వు స్థిరపడింది మాత్రం బి. విఠలాచార్య చేతిలో. 1920లో ఉడుపి ప్రాంతంలో పుట్టిన కన్నడిగుడు, తెలుగువాళ్ళకు ‘జానపద బ్రహ్మ’. తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో సినిమా పూర్తి చేస్తాడని పేరు. 1978లో జయమాలిని మోహినిగా, నరసింహరాజు, ప్రభలతో వచ్చిన ‘జగన్మోహిని’ ఈ పద్ధతికంతటికీ శిఖరం. ఆ సినిమాలను ఇప్పుడు చూసేవాళ్ళలో చాలామంది తప్పులు ఏరి నవ్వుకుంటున్నారు. ఆ తప్పులు ఎలా పుట్టాయో తెలిస్తే వాటిని చూసే చూపు మారుతుంది.

మాయమవడాన్ని తీసుకుందాం. కెమెరా ఇంచు కూడా కదలకూడదు. ఫ్రేములో మిగిలిన నటులంతా ఊపిరి బిగబట్టి బొమ్మల్లా నిలబడాలి. మాయం కావలసినవాడు పక్కకు తప్పుకుంటాడు, కెమెరా మళ్ళీ తిరుగుతుంది. ఈలోపు ఒకడి తల కాస్త వంగుతుంది, ధూపం పొగ దారి మారుతుంది, ఆరుబయట అయితే నీడ జరుగుతుంది. తెర మీద అది చిన్న కుదుపుగా కనిపిస్తుంది. దాన్ని కప్పడానికే సరిగ్గా ఆ క్షణాన పొగబాంబు పేలుస్తారు, ‘ధన్’మని డప్పు మోగిస్తారు. చూసేవాడు ఉలిక్కిపడేలోగా కుదుపు దాటిపోతుంది.

తెగిన తల మాట్లాడాలన్నా, ఒకే నటుడు తెర మీద ఇద్దరుగా కనిపించాలన్నా మాస్కు వాడేవారు. కటకం ముందు సగానికి నల్ల అట్ట అడ్డుపెట్టి ఒకసారి తీసి, ఫిల్మును అంతే లెక్కగా వెనక్కి తిప్పి, రెండో సగానికి అడ్డుపెట్టి మళ్ళీ తీయాలి. లెక్క తప్పితే మొత్తం షాట్ పోయినట్టే. నటుడి చెయ్యి ఆ కనిపించని గీత దాటితే తెర మీద చెయ్యి తెగిపోతుంది. నల్లటి తెర ముందు దెయ్యాన్ని విడిగా తీసి ఇంకో దృశ్యం మీద ముద్రిస్తే, దాని వెనక గోడా తలుపూ కనిపిస్తాయి, నేల మీద నీడ మాత్రం పడదు. సాంకేతికంగా ఇది లోపమే. కానీ దెయ్యానికి నీడ ఉండదని మన అమ్మమ్మలు అప్పటికే చెప్పి ఉంచారు. ఆ లోపాన్ని జనం దెయ్యానికి గుర్తుగా తీసుకున్నారు.

తీగల సంగతి అందరికీ తెలిసిందే. గాల్లో తేలే కత్తికీ పుర్రెకూ సన్నటి తీగ కట్టి, నల్లరంగు పూసి, దీపం దాని మీద పడకుండా చూసుకునేవారు. ఒక్క దీపం పక్కకు జరిగినా తీగ మెరుస్తుంది. ఇక పట్టపగలు తీసి రాత్రి అనిపించే షాట్లలో చెట్ల కింద నీడలు కత్తితో కోసినట్టు పడి అసలు వేళ చెప్పేస్తాయి. ఇవన్నీ చేతిపనిలో వచ్చే తప్పులు. మనిషి చెయ్యి పడ్డ చోటల్లా ఆ చెయ్యి ఆనవాలు మిగులుతుంది.

ఇప్పుడు హాల్లోకి వద్దాం. డెల్టా ఊళ్ళ సినిమా హాళ్ళలో నేల తరగతి తెరకు ఆనుకుని ఉండేది. బాల్కనీ వాళ్ళకు కనబడని తీగ నేల టికెట్టు వాడికి కనబడేది. “ఒరేయ్, తీగరోయ్!” అని అరుపు లేచేది, ఈలలు పడేవి, హాలంతా నవ్వేది. తర్వాత కుక్క ఊళ వేసి, గజ్జెల చప్పుడు దగ్గరైతే, అరిచిన ఆ గొంతే మూగబోయేది. కంటికి దొరికిన తప్పు చెవికి దొరకదు. విఠలాచార్య దెయ్యానికి సగం బలం చప్పుడులోనే ఉంది. మిగతా సగం వరసలో ఉంది: హాస్యగాడి పాట్లకు నవ్వి నవ్వి జనం ఒళ్ళు వదులు చేసుకున్న క్షణంలోనే దెయ్యం తల తిప్పుతుంది. తీగను చూసి నవ్వినవాడు ఆ నవ్వుతోనే తర్వాతి భయానికి దారి తెరుస్తాడు. అందుకే ఆ అరుపులను నేను సినిమాలో భాగంగానే లెక్కేస్తాను.

సెకండ్ షో విడిచాక ఇంటికి పోవాలి. యానాం–ఎదుర్లంక వంతెన లేని రోజుల్లో గోదావరి దాటాలంటే పంటే దిక్కు. మిగిలినవాళ్ళకు కాలువ గట్టు, కొబ్బరి తోటలు, దారిలో ఎక్కడో శ్మశానం. చేతబడి, చిల్లంగి మాటలు వింటూ పెరిగిన ఊళ్ళు ఇవి. తెర మీద తీగ కనిపించిందన్న ధైర్యం ఆ గట్టు మీద అక్కరకు రాదు. దెయ్యం సినిమా బాగుందో లేదో తేల్చేది ఆ నడకే.

పాత ప్రింటు గురించి ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. కాకినాడ, రాజమండ్రిలో ఆడి ఆడి చిన్న ఊళ్ళకు చేరేసరికి రీళ్ళ నిండా గీతలు, అతుకులు. తెగిన చోటల్లా ఆపరేటరు కొంత ముక్క కత్తిరించి అతికేవాడు. ఆ అతుకు దగ్గర బొమ్మ గెంతుతుంది. మరి దెయ్యం మాయమైనప్పుడు వచ్చే గెంతు మాయ వల్లా, అతుకు వల్లా? ఎవరూ చెప్పలేరు. గీతల వానలో తీగ కలిసిపోతుంది. అంటే ప్రింటుకు తగిలిన దెబ్బలే మాయను కాపాడాయి. ఇవాళ శుభ్రం చేసిన కాపీని ఫోనులో, టీవీలో చూసేవాడికి తీగ మొదటి చూపులోనే దొరుకుతుందంటే ఇదే కారణం. ఆ సినిమా తీసినవాళ్ళు అంత శుభ్రమైన బొమ్మ కోసం తీయలేదు.

అమెరికాలో రాబర్ట్ రోడ్రిగెజ్ 2007లో ‘ప్లానెట్ టెర్రర్’ అనే జాంబీ సినిమా తీసి, దాని మీద గీతలు, మరకలు కావాలని వేయించాడు. కథ మధ్యలో ఒక రీలు పోయిందని చూపించి, ముందుకు దూకాడు. అరిగిపోయిన ప్రింటులో ఒక భయం ఉందని అతనికి తెలుసు. జార్జ్ రొమేరో 1968లో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ తీసినప్పుడు నెత్తురుకు చాక్లెట్ పాకం వాడారు. నలుపు తెలుపులో అది నెత్తురే. పదేళ్ళకు ‘డాన్ ఆఫ్ ద డెడ్’ రంగుల్లో తీసేసరికి, మేకప్ కళాకారుడు టామ్ సవీని శవాలకు పూసిన బూడిదరంగు తెర మీద నీలంగా తేలింది, నెత్తురు మరీ ఎర్రబడింది. ఆ నీలి ముఖాలే తర్వాత ఆ సినిమాకు గుర్తయ్యాయి. రొమేరో మొదటి సినిమాకు ఇంకా పెద్ద పొరపాటు జరిగింది: పంపిణీదారు సినిమా పేరు మారుస్తూ హక్కుల ప్రకటనను తెర మీద పెట్టడం మరిచాడు. సినిమా ఎవరైనా వేసుకోగల సొత్తయింది. నిర్మాతలకు డబ్బు పోయింది, జాంబీ మాత్రం లోకమంతా పాకింది.

మనకు లేచి మాట్లాడే శవం కొత్త కాదు. ‘చందమామ’ చదివినవాళ్ళందరూ చెట్టు మీది శవాన్ని విక్రమార్కుడి భుజాన చూసినవాళ్ళే. అయినా గుంపుగా వచ్చి కొరికే జాంబీ తెలుగు సినిమాకు కథావస్తువు కావడానికి 2021 ఫిబ్రవరి 5 దాకా పట్టింది. ఆ రోజు ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ విడుదలైంది. పేరు ప్రకటించినప్పుడే రాయలసీమ నుంచి అభ్యంతరాలు లేచాయి, ఎవరినీ కించపరచడం లేదని దర్శకుడు వివరణ ఇచ్చాడు. ఆయన మొదటి సినిమా ‘అ!’ మేకప్‌కూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ జాతీయ పురస్కారాలు పొందింది. కాబట్టి ముఖాల పనిలో లోటు రాదని ఊహించినదే. నాకు నచ్చింది వేరే: జాంబీలను కర్నూలు ఫ్యాక్షన్ కథలోకి దించడం. వేటకొడవళ్ళ గుంపు ఒక పక్క, కొరికే గుంపు ఇంకో పక్క. ‘ఇంద్ర’లో బాలనటుడిగా కనిపించిన తేజ సజ్జాయే ఇందులో హీరో కావడంతో, ఫ్యాక్షన్ సినిమాలు చూసి పెరిగిన హాలు నవ్వవలసిన చోట నవ్వింది. విఠలాచార్య పాటించిన వరసే ఇది, నవ్వు తర్వాత భయం.

అయితే జాంబీ సినిమాలన్నిటిలో ఒక జబ్బు ఉంది. కొరికించుకున్న అనామకుడు క్షణంలో మారిపోతాడు. కథకు కావలసినవాడు మాత్రం చెప్పవలసినవన్నీ చెప్పుకున్నాక తీరిగ్గా మారతాడు. ఇది చేతి తప్పు కాదు, మాట తప్పడం. తీగ కనిపిస్తే జనం నవ్వి ఊరుకుంటారు, సినిమా తాను పెట్టిన నియమాన్ని తానే దాటితే మళ్ళీ భయపడరు. మరాఠీ ప్రాణం చిలుకలో ఉందంటే చివరిదాకా చిలుకలోనే ఉండాలి. పుల్లయ్య, విఠలాచార్య ఈ ఒక్కటీ వదల్లేదు. ‘జగన్మోహిని’ని 2009లో నమితతో తమిళంలో మళ్ళీ తీశారు. గ్రాఫిక్స్ ఉన్నాయి, పాత మోహిని వేసిన ముద్ర మాత్రం పడలేదు. ఇప్పటి భయానక చిత్రాలు తీసే కుర్రాళ్ళు గ్రాఫిక్స్ ఖర్చుకన్నా ముందు తమ దెయ్యం ఏం చేయగలదో, ఏం చేయలేదో కాగితం మీద రాసుకోవాలని నా సలహా.

పాత సినిమాలను డిజిటల్‌గా బాగుచేస్తున్నవాళ్ళకు ఒక విన్నపం. బూజు తుడవండి, రంగు నిలబెట్టండి, తీగలు మాత్రం చెరపకండి. కుదుపులు సరిచేయకండి. ఆ పని ఎలా చేశారో చెప్పే సాక్ష్యం అదొక్కటే. అలాగే యానాం, కాకినాడ, అమలాపురం, రామచంద్రపురం హాళ్ళలో కార్బన్ దీపాలతో ప్రొజెక్టరు నడిపిన ఆపరేటర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ రీలు ఎక్కడ తెగేదో, ఏ దృశ్యానికి ఏ వరస నుంచి అరుపు లేచేదో వాళ్ళకే తెలుసు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే, ఆయన మాటలు ఈ వారమే ఫోనులో రికార్డు చేయండి.