గుడ్లగూబ ముఖంలో పనితనం

రాత్రి జంతువుల పాఠం అనగానే గోదావరి జిల్లాల్లో కోరింగ మడ అడవుల బావురుపిల్లి గుర్తొస్తుంది. అందమైన జంతువే, కానీ తణుకు పిల్లలు దాన్ని ఫొటోలో చూడాల్సిందే. నేనైతే పాత గుడి గోపురంలోనో, పాడుబడిన మిల్లులోనో కాపురముండే తెల్లముఖం గుడ్లగూబతో మొదలుపెడతాను. అపశకునమని ఇంట్లోవాళ్లు అదిలించేది దీన్నే.

ముందు ఆ ముఖం చూపించాలి. పళ్లెంలాంటి ఆ ఆకారం అలంకారం కాదు. బిరుసు ఈకల ఆ అమరిక చప్పుడును పోగుచేసి చెవుల్లోకి ఒంపుతుంది. చెవులు ఈకల కింద దాగి ఉంటాయి, అదీ ఒకే ఎత్తున కాదు. ఎడమది కాస్త పైన ఉండి కిందికి, కుడిది కాస్త కింద ఉండి పైకి తిరిగి ఉంటాయి. కింది అలికిడి ఎడమ చెవికి, పైది కుడి చెవికి గట్టిగా వినిపిస్తుంది. ఏ పక్కనుంచి వచ్చిందో మాత్రం ఏ చెవికి ముందు చేరిందన్నదాన్నిబట్టి తెలుస్తుంది. ఈ వంకరలోనే ఉంది పనితనమంతా. మన శిల్పి అయితే రెండూ కొలిచి సమానంగా చెక్కేవాడు!

అమెరికా శాస్త్రవేత్త రోజర్ పెయిన్ చిమ్మచీకటి గదిలో దీన్ని పరీక్షించి 1971లో ప్రచురించాడు. నేలమీద ఎలుకకు బదులు కాగితపు ఉండను లాగితే గుడ్లగూబ దాన్నే తన్నింది. ఎలుక వాసన లేదు, ఒంటి వేడి లేదు, ఉన్నది చప్పుడే.

బడిలో దీనికి కళ్లగంతల ఆట చాలు. ఎండుటాకులు నలిపి ఎటో చూపమనాలి. ఒక చెవి మూయగానే పిల్లల వేలు తడబడుతుంది. చప్పుడు పైనుంచా, కిందనుంచా అని అడిగితే రెండు చెవులు తెరిచి ఉన్నవాళ్లూ తికమకపడతారు. అక్కడ చెప్పాలి ఆ వంకర చెవుల సంగతి.

రెక్క అంచున దువ్వెన పళ్లలాంటి నూగు ఉంటుంది. అది గాలి చప్పుడును అణిచేస్తుంది. ఎలుకకు వినపడకపోవడం ఒక లాభం, తన రెక్కల చప్పుడులో ఎలుక అలికిడి మునిగిపోకపోవడం రెండోది.

తిన్న ఎలుకల్లో జీర్ణంకాని బొచ్చు, ఎముకలను గుడ్లగూబ ఉండగా కక్కేస్తుంది. తొడుగులు వేసుకుని, ఉండను నీళ్లలో నానబెట్టి విప్పితే పుర్రెలు లెక్కపెట్టుకోవచ్చు. మార్టేరు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వరితోపాటు ఎలుకల నివారణ మీదా పని జరుగుతుంది. డెల్టా రైతు ఇంటి పిల్లలకు చేలో ఎలుకల సంగతి కొత్తేమీ కాదు. గుడ్లగూబ వాలడానికి చేలో కర్రలు పాతడమూ వాళ్లు చేయగలిగిందే. ఎలుకల మందు పెట్టిన చేలో మాత్రం వద్దు, మందు తిన్న ఎలుకను తింటే గుడ్లగూబకూ విషమెక్కుతుంది.