తుంగ దొరికే ఒడ్డు

ఆస్ట్రేలియా ఆదివాసీ స్త్రీలు అల్లే బుట్టల్లో నా మనసు ఎక్కువగా పోయేది మర్రీ నది దిగువన, కూరోంగ్ ఉప్పు కయ్యల పక్కన బతికే నరింజెరి వాళ్ళ బుట్టల మీదికి. వాళ్ళు అల్లేది నది ఒడ్డు తుంగతో. మన చాపల తుంగకు అది దగ్గరి చుట్టం.

అల్లిక అడుగు మధ్య నుంచి మొదలవుతుంది. కొన్ని పోచలు కట్టగా పట్టుకుని చిన్న చుట్ట చుడతారు. ఇంకో పోచను ఆ కట్ట చుట్టూ తిప్పుతూ, ప్రతి కుట్టునూ లోపలి వరుసలోంచి దూర్చి బిగిస్తారు. కట్ట సన్నబడుతుంటే కొత్త పోచలు చేరుస్తారు. నిలువు పుల్లలు లేవు, చట్రం లేదు. చుట్లు పరుచుకుంటే చాప, పైకి లేస్తే బుట్ట, పొడుగ్గా సాగితే పాము చేపలు పట్టే బోను. అన్నిటికీ అదే కుట్టు.

1980ల నాటికి ఈ కుట్టు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళలో పెద్దావిడ డోరీ కార్టిన్యేరి ఒక్క రోజు తరగతి పెడితే, అక్కడ నేర్చుకున్న ఇవోన్ కూల్‌మాట్రీ 1997లో వెనిస్ బినాలే కళా ప్రదర్శనకు ఆస్ట్రేలియా పంపిన ముగ్గురు ఆదివాసీ స్త్రీలలో ఒకరయ్యారు. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు గుండె నిండుతుంది.

కానీ ఒక్క రోజులో చేతికొచ్చేది కుట్టే. ఏ ఒడ్డున పోచ పొడుగ్గా, మెత్తగా ఉంటుందో, ఏ కాలంలో కోయాలో, మళ్ళీ చిగురించడానికి ఎంత వదలాలో నదితో తిరిగితేనే తెలుస్తుంది. ఆ నదే ఇప్పుడు కష్టంలో ఉంది. 1940 నాటికి నదీ ముఖం దగ్గర అడ్డుకట్టలు పూర్తయ్యాయి. ఎగువన పొలాలు నీళ్ళు తోడుకున్నాయి. 1997లో మొదలై పుష్కరకాలం సాగిన కరువులో నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేస్తే, 2002 నుంచి డ్రెడ్జర్లతో తవ్వి దారి తెరిచి ఉంచాల్సి వచ్చింది. నది చివర్లోని అలెగ్జాండ్రినా సరస్సు మట్టం సముద్రం కన్నా కిందికి దిగిపోయింది. నీరు వెనక్కి తగ్గితే ఒడ్డు తుంగకు తడి ఎక్కడిది?

2012 నాటి మర్రీ-డార్లింగ్ నదీ పరీవాహక ప్రణాళిక ఏడాదికి 2,750 గిగాలీటర్లు నదికి తిరిగి వదలాలంది. ఎగువ రైతుల ఇబ్బందీ నిజమే, వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఆ నీళ్ళ పంపకం వార్త కంటపడితే నేను ముందు వెతికేది కూరోంగ్ దాకా ఎంత చేరిందన్న అంకె కోసమే.