తెరపై అభిమానము

2022 మార్చి 19న చిక్కబళ్లాపురమున 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రము విడుదలకు ముందటి ఉత్సవము జరిగినది. జూనియర్ ఎన్.టి.ఆర్., రామ్‌చరణ్ ఇరువురును వేదిక నెక్కిరి. నాటి ముఖ్యమంత్రి బసవరాజ బొమ్మై అతిథి. బాగేపల్లి, చింతామణి తాలూకాల యువకులకు అది పండుగ. ఇంటను సంతలోను తెలుగు, బడిలో కన్నడము గల మనకు తెరపై మన మాట వినబడుట చిన్న సంతోషము కాదు. దానిని మేము నిందింపము.

కాని ఆ చిత్రము ఇద్దరు మిత్రుల కథ. అభిమానులో, మా నాయకుడే మిన్న యని నేటికిని వాదులాడుచున్నారు! అందలి 'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కారు లభించినది. దాని నందుకొన్నవారు ఆడిన నటులు కారు. స్వరకర్త కీరవాణి, గీతకర్త చంద్రబోసు. ఈ రెండవ పేరును కటౌటుపై మేమెన్నడును చూడలేదు.

చింతామణి తాలూకా కైవారములో మరియొక అభిమానము కలదు. నారేయణ తాతయ్య తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించెను. మన పెద్దలు వానిని భజనలలో నేటికిని పాడుచున్నారు. అచ్చట వినువాడు కేకవేసి యూరకుండిన చాలదు, తాళము పట్టి తానును పాడవలెను. పదము తప్పినచో ప్రక్కవాడు దిద్దును. మన పిల్లలకు 'నాటు నాటు' నోటికి వచ్చును. అందులోని పల్లెమాటలలో తమ అవ్వ మాట లెన్ని గలవో వారి నెవరైన నడిగిరా?