తరిగొండ వెంగమాంబ: మహిమల మాటున మరుగుపడిన కవయిత్రి

తరిగొండ వెంగమాంబ పేరు వినని తెలుగువారు అరుదు. తిరుమల ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె నామమునే ఉంచిరి. వర్లి, కామాఠీపురముల నుండి కొండకు పోయివచ్చు మనవారిలో పలువురు ఆ భవనమున భోజనము చేసినవారే. కాని ఆమె రచించిన గ్రంథమొక్కటియైన చదివినవారెందరు? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

వెంగమాంబ 1730లో వాయల్పాడు సమీపమున ఉన్న తరిగొండలో జన్మించినది. అది రాయలసీమ మెట్టభూమి. వాన కురిసిననే పంట. బాల్యముననే వివాహమై, భర్తను కోల్పోయినది. వితంతువునకు లోకము విధించిన ఆచారములకు ఆమె తలవంచలేదని సంప్రదాయము చెప్పును. మదనపల్లె వాస్తవ్యులగు రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువు. తరువాత తిరుమల చేరి, కొంతకాలము తుంబురుకోనలో తపస్సు చేసి, 1817లో కొండపైననే దేహము చాలించినది. ఎనుబదియేడేండ్ల జీవితమున అధికభాగము రచనయందే గడచినది.

తాను గురువుల యెదుట ఓనమాలైనను చదువలేదని ఆమె చెప్పుకొన్నది. ఈ మాటను భక్తులు అక్షరాల గ్రహించి, ఆమె కవిత్వమంతయు దేవుని మహిమయే అనిరి. ఇది గౌరవమువలె కనబడు అన్యాయము. తన కావ్యమునకు శ్రీరాముడే కర్త యని పోతనయు వినయముతో పలికెను. అయినను పోతన పాండిత్యమును శంకించినవారు లేరు. మొల్లయు తనకు శాస్త్రజ్ఞానము లేదన్నది. ఆ మాటను మాత్రము లోకము వెంటనే నమ్మినది. పురుషుడు చెప్పిన వినయము అలంకారము, స్త్రీ చెప్పిన వినయము సాక్ష్యము అగుట విమర్శకు తగదు.

గ్రంథములే ఆమె పక్షమున సాక్ష్యమిచ్చుచున్నవి. తరిగొండలో నృసింహశతకము, శివనాటకము, బాలకృష్ణనాటకము, రాజయోగామృతసారము పుట్టినవి. కొండపై విష్ణుపారిజాతము, చెంచునాటకము, ద్విపద భాగవతము, వాసిష్ఠరామాయణము, వేంకటాచల మాహాత్మ్యము వెలసినవి. శతకము, యక్షగానము, ద్విపద, పద్యకావ్యము: నాలుగు మార్గములు, నాలుగు శిక్షణలు. ద్విపద పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, యతిప్రాసలు తప్పరాదు. భాగవతమును ఆ కొలతలో నడుపుట ఒక్కనాటి ఆవేశమున జరుగు పని కాదు. అది ఏండ్ల తరబడి చేసిన సాధన.

ఆమె ఎన్నుకొన్న ప్రక్రియలును ఆలోచింపదగినవి. ద్విపద పాడుకొనుటకును, యక్షగానము ఆడుటకును అనువైనవి. చదువురాని స్త్రీయు విని నేర్చుకొనగలది. పండితసభ కంటె ఊరి గుడిముంగిలి ఆమె దృష్టిలో నుండెననుట సమంజసము. రాజయోగామృతసారమున కపిలుడు తల్లియగు దేవహూతికి తత్త్వముపదేశించును. జ్ఞానమును అడిగి పొందు స్త్రీ కథను ఈమె చేపట్టుట యాదృచ్ఛికము కాదని నా అభిప్రాయము.

ఆమె రచనలన్నియు సమానములు కావు. యోగవిషయము ప్రధానమైనచోట కవిత్వము పలుచబడి, పారిభాషిక పదములు బరువెక్కును. నాటకములందు మాత్రము పాత్రలు పలుకరించుకొనునపుడు ఆమె భాష తేటపడును. ఇట్లు గుణదోషములను ఎంచుటయే కవికి చేయు మర్యాద. మహిమకు దోషములుండవు, కావున దానికి విమర్శయు లేదు, పాఠకుడును లేడు.

విని నేర్చుట విద్యయే యని మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. మిల్లుల కాలమున పగలు మగ్గముల చప్పుడులో పనిచేసి, రాత్రి చాళ్లలో భజనకు కూర్చున్నవారు పుస్తకము లేకయే పాటలు నేర్చిరి, పిల్లలకు నేర్పిరి. ఆ జ్ఞాపకమును మహిమ యనము, శ్రమ యందుము. వెంగమాంబకును ఆ మాటయే చెల్లవలెను. కొండపై ఆమె పేర అన్నము తినుచున్నాము. ఇంట ఆమె ద్విపదను నాలుగు పుటలైనను పైకి చదువుట ఆ ఋణమున కొంత తీర్చుటయగును.