బాలల పుస్తకాలు - మన సమీక్షలు

పిల్లల పుస్తకాన్ని సమీక్షించేటప్పుడు మనవాళ్లు రెండు ప్రశ్నలతో సరిపెడతారు: నీతి ఉందా, అభ్యుదయ దృక్పథం ఉందా? గుణింతం దాటి ఒత్తుల్లోకి అడుగుపెడుతున్న పిల్ల ఆ పుటని చదవగలదా అని ఎవరూ అడగరు.

తెలుగు లిపిలో చిక్కంతా అక్కడే ఉంది. 'మేక' చదివినంత సులువుగా 'స్వాతంత్ర్యం' చదవలేరు. పైగా మన ముద్రణలో మాట పంక్తి చివర ఎక్కడపడితే అక్కడ విరిగి, చాలాసార్లు గీతయినా లేకుండా కిందికి దిగుతుంది. పెద్దల కన్ను దాన్ని అతికించుకుంటుంది. కొత్తగా చదివే పిల్ల 'పుస్త' దగ్గరే ఆగిపోతుంది.

ఇది ప్రెస్సువాళ్ల సంగతి అని తోసేయటానికి వీల్లేదు. ఇంట్లో చదివి వినిపించేవాళ్లున్న పిల్లలకి ఏ పుస్తకమైనా నడుస్తుంది. కూలి ఇంటినుంచి మొదటిసారి బడికొచ్చిన పిల్లకి ఆ ఆసరా లేదు. ఆమెకోసమే రాశామని చెప్పుకునే కష్టజీవుల కథలే సమాసాలతో బరువెక్కి ఉంటాయి! వస్తువు ఆమెది, భాష మనది.

1952 నుంచి 1980 దాకా 'చందమామ'లో కొడవటిగంటి కుటుంబరావు తీర్చిన సరళ వాక్యం గొప్పదే, కాని అది చదవటం వచ్చినవాళ్లకి. అంతకు ముందు మెట్టు గురించి మన విమర్శ ఏం చెప్పింది?

సమీక్షకుడు ఆ పుస్తకాన్ని రెండో తరగతి పిల్లచేత చదివించి, తాను నోరు మెదపకుండా కూర్చోవాలి. ఎక్కడ ఆగింది, ఎక్కడ బొమ్మ చూసి ఊహించింది - సమీక్షలో ముందుగా అది రాయాలి. ఇతివృత్తం తర్వాత.