'చివరి టాస్మేనియన్': ఒక విశేషణంపై పరిశీలన

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపపు ఆదివాసులను గురించి జేమ్స్ బాన్విక్ రచించిన 'ది లాస్ట్ ఆఫ్ ది టాస్మేనియన్స్' 1870లో వెలువడింది. వలసవాదుల దౌర్జన్యం పట్ల రచయితకున్న ఆవేదనను శంకించనక్కరలేదు. శీర్షికనే ప్రశ్నించాలి. 'చివరి' వ్యక్తిగా తరువాత ప్రచారం పొందిన ట్రుగనిని అప్పటికి జీవించే ఉంది. ఆమె మరణించింది 1876లో. మనుషులు బతికుండగానే జాతికి చరమగీతం పాడిన గ్రంథమిది.

'చివరి' అన్న విశేషణం పైకి శోకాన్ని సూచిస్తుంది. ఆచరణలో అది వారసులు లేరన్న తీర్పు. తన దేహాన్ని శాస్త్రపరీక్షల పాలు చేస్తారని ట్రుగనిని భయపడింది. ఆ భయమే నిజమైంది. 1878లో ఆమె అస్థికలను తవ్వి తీశారు; 1904 నుంచి 1947 వరకు హోబార్ట్ మ్యూజియంలో ప్రదర్శించారు. వారసులే లేరనుకున్నప్పుడు అనుమతి ఎవరిని అడగాలి? దహనసంస్కారం 1976లో గాని జరగలేదు. అందుకోసం పోరాడినవారిలో, లేరని చెప్పబడిన ఆ టాస్మేనియా ఆదివాసులూ ఉన్నారు.

వారి ఉనికికి ఆధారాలు మొదటినుంచీ ఉన్నాయి. ఫ్లిండర్స్ ద్వీపంలోని వైబలెనా నిర్బంధ శిబిరంలో 1834లో జన్మించిన ఫానీ కోక్రేన్ స్మిత్ 1899, 1903లలో తన భాషలోని పాటలను మైనపు స్థూపాలపై రికార్డు చేయించింది. బాస్ జలసంధి ద్వీపాల్లో సీల్ వేటగాళ్లకూ ఆదివాసి స్త్రీలకూ (వారిలో పలువురు అపహరణకు గురైనవారే) పుట్టిన సంతతి స్థిరపడింది. వారిని ఆదివాసులుగా గుర్తించని ప్రభుత్వమే, వారి నివాసాన్ని నియంత్రించేందుకు 1912లో కేప్ బారెన్ ద్వీప రిజర్వు చట్టం చేసింది! లిండల్ రయన్ 1981 నాటి గ్రంథం ఈ కొనసాగింపును చరిత్రరచనలోకి తెచ్చింది. లిఖిత ఆధారాల్లో అధికభాగం వలసపాలకులవే కావడం ఇలాంటి ప్రయత్నాలన్నిటికీ ఉన్న పరిమితి.

తరగతిలో చాలాకాలం నేనూ 'అంతరించిన జాతి' అనే చెప్పాను. 'అంతరించు' అకర్మక క్రియ. దానిలో చంపినవాడికి చోటుండదు. 1828 నాటి సైనిక శాసనం, 1830లో ఆదివాసులను తరిమి పట్టుకోవడానికి సాగించిన 'బ్లాక్ లైన్' ఆ క్రియ వెనుక కనుమరుగవుతాయి. 'అంతమొందించిన జాతి' అని మారిస్తే కర్త దొరుకుతాడు గాని, వాక్యం నిజం కాదు. ఆ జాతివారు నేడు తమ పూర్వభాషల అవశేషాలనుంచి 'పలవా కాని' అనే భాషను పునర్నిర్మించుకుని మాట్లాడుతున్నారు.