గలను, వచ్చు, పొదేర్

స్పానిష్ పాఠ్యపుస్తకాలు దాదాపు అన్నీ ఒకే వరసలో నడుస్తాయి. ముందు పలకరింపులు, తర్వాత అంకెలు, ఆ తర్వాత బుద్ధిగా నడిచే క్రియలు. ‘గలను’, ‘వచ్చు’ అని చెప్పే ‘పొదేర్’ను మాత్రం మొండి క్రియల పట్టికలో పడేసి కొన్ని పాఠాలు ఆగమంటాయి. నేను మొదటి వారంలోనే ఎత్తుకుంటాను. హైదరాబాదు మల్లాపూర్‌లో మా ముందుగదిలో కూర్చునే పిల్లలు సాయంత్రం పాఠం కాగానే ఉప్పల్, హబ్సిగూడ వైపు రాత్రి షిఫ్టులకు పోతారు. మెక్సికో నుంచో కొలంబియా నుంచో ఫోను మోగితే ‘ప్వేదే ఎస్పెరార్ ఉన్ మొమెంతో?’ అని అడగాలి కదా, ఒక్క నిమిషం ఉంటారా అని. ఆ ‘ప్వేదే’ పొదేర్ రూపమే. వాళ్ళకు అది ఆ రాత్రికే కావాలి.

శాస్త్రంగా చదవాలనుకునేవాళ్ళను నాచారం, హబ్సిగూడ దాటించి తార్నాకలోని ఇఫ్లూకు, అంటే ‘ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ’కి పంపుతాను. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పుట్టిన ఆ సంస్థ, 1972లో విదేశీ భాషలనూ పేరులో కలుపుకుంది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఆ పేరులోని వరసే మన బుర్రల్లోనూ పాతుకుపోయింది: ముందు ఇంగ్లీషు, దాని చెయ్యి పట్టుకుని తక్కినవి. నా పేచీ అక్కడే. ఈ ఒక్క క్రియ వరకైనా ఇంగ్లీషును గుమ్మం బయట ఉంచి, తెలుగులోంచి నేరుగా వెళ్ళాలంటాను.

పొదేర్ మూడు పనులు చేస్తుంది. చేయగలను అనే శక్తి, చేయవచ్చు అనే అనుమతి, జరగవచ్చు అనే అవకాశం. ఇంగ్లీషు ‘కెన్’ కూడా ఇంచుమించు ఇదే మోస్తుంది కాబట్టి పిల్లలు రెండూ ఒకటేననుకుంటారు. అనుకుని, ఈత వచ్చినవాడు ‘ప్వేదో నదార్’ అంటాడు. నేర్చుకున్న విద్య సంగతి చెప్పడానికి స్పానిష్‌లో పొదేర్ కాదు, ‘సబేర్’ వాడాలి. ‘సే నదార్, పెరో ఓయ్ నో ప్వేదో.’ తెలుగులో చెప్పి చూడండి: నాకు ఈత వచ్చు, కానీ ఇవాళ ఈదలేను. గీత సరిగ్గా అదే చోట పడింది! వచ్చిన విద్య వేరు, ఈ పూట ఒంట్లో ఉన్న సత్తా వేరు. పుట్టుకతో తెలిసిన ఈ తేడాను ‘కెన్’ దగ్గర తాకట్టుపెట్టి, మళ్ళీ స్పానిష్‌లో వడ్డీ కట్టి విడిపించుకుంటున్నాం.

గడిచిన కాలంలోనూ అంతే. ‘పూదె’ అంటే ఆ పని చేయగలిగాను, అయిపోయింది. ‘పొదీయా’ అంటే ఆ రోజుల్లో చేయగలిగేవాణ్ణి. ‘నో పూదె’ అంటే ప్రయత్నించి చేయలేకపోయాను. ఇంగ్లీషు ‘కుడ్’ తరచు పూదె, పొదీయా రెంటినీ ఒకే గాటన కడుతుంది. తెలుగులో చెబితే పాఠం పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక దాని మొండితనం. ప్వేదో, ప్వేదెస్, ప్వేదే, ప్వేదెన్ అంటూ వచ్చి, ‘మేము’ దగ్గర హఠాత్తుగా పొదేమోస్ అవుతుంది. ఊనిక పడ్డ చోట లాటిన్ హ్రస్వ ఒకారం స్పానిష్‌లో ‘వే’ అయింది. పోర్తా ప్వెర్తా అయింది, బోనుస్ బ్వేనో అయింది. పొదేమోస్‌లో ఊనిక రెండో అక్షరానికి జరిగింది కాబట్టి మొదటి ‘ఓ’ మారలేదు. అయినా వస్తాను, వచ్చాను, రాను, రా అన్నీ ఒకే క్రియ అని ఒప్పుకున్న జాతికి ఇదొక కష్టమా?

ఆ ‘వచ్చు’ దగ్గర కాసేపు ఆగాలి. వెళ్ళవచ్చు, వెళ్ళరాదు అన్నప్పుడు అక్కడున్నది రావడం అనే క్రియే. వెళ్ళగలను అన్నప్పుడు ఉన్నది ‘కల’, అంటే ఉండటం. వెళ్ళలేను అన్నప్పుడు ‘లేను’. శక్తి మనలో ఉంటుంది, లేదా ఉండదు. అనుమతి బయటి నుంచి వస్తుంది, లేదా రాదు. అందుకేనేమో శక్తికి మనిషిని అంటగట్టాం: గలను, గలవు, గలరు. వచ్చుకు మాత్రం మనిషి లేడు. నేను వెళ్ళవచ్చు, నువ్వు వెళ్ళవచ్చు, వాళ్ళు వెళ్ళవచ్చు. కొసన ఏమీ మారదు.

స్పానిష్ అన్నిటికీ మనుషుల్ని తగిలిస్తుంది అనుకుంటాం గానీ, అనుమతి ఊరందరిదీ అయినప్పుడు అదీ మనిషిని వదిలేస్తుంది. ‘నో సె ప్వేదే ఫుమార్’ అంటే మన గోడల మీది ‘పొగ త్రాగరాదు’. ఎవరు తాగరాదో, ఎవరు వద్దన్నారో ఉండదు. అవకాశం సంగతి చెప్పేటప్పుడు ‘ప్వేదే కే వెంగాన్’, వాళ్ళు రావచ్చు. వచ్చేది పదిమందైనా ప్వేదే ఏకవచనంలోనే బిగుసుకుని కూర్చుంటుంది, మన ‘వచ్చు’లాగే. దీన్ని వ్యాకరణ వింతగా బట్టీ పట్టించడం నాకు నచ్చదు.

ఈ మనిషి లేని ‘సె ప్వేదే’ ఒకసారి నినాదమైంది కూడా. 1972లో అమెరికాలోని అరిజోనాలో వ్యవసాయ కూలీల సమ్మె హక్కుకు పగ్గాలు వేస్తూ చట్టం వచ్చింది. కూలీల నాయకుడు సీజర్ చావెజ్ నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఇక్కడ కుదరదు, ‘నో సె ప్వేదే’ అన్నవాళ్ళకు ఆయన సహ నాయకురాలు డొలోరెస్ హుయెర్తా ‘సీ, సె ప్వేదే’ అని బదులిచ్చింది. 2008లో ఒబామా నోట అది ‘యెస్ వీ కెన్’ అయింది. అసలు మాటలో లేని ‘మనం’ ఇంగ్లీషులో చేరింది. హుయెర్తా మాట బలం, ఎవరివల్ల అని లెక్క అడగకపోవడంలోనే ఉందని నాకనిపిస్తుంది. మా గల్లీలో దానికి సరైన మాట ఉంది: ‘అయితది!’ 2014లో స్పెయిన్‌లో పుట్టిన పార్టీ మాత్రం ‘పొదేమోస్’ అని పేరు పెట్టుకుని, ‘మనం’ను స్పానిష్‌లోనే కలుపుకుంది.

పొదేర్‌కు లొంగని తెలుగు కూడా ఉంది. అలసటతో ‘నాతోని కాదు’ అనేదాన్ని పిల్లలు ‘నో ప్వేదో మాస్’ అని చక్కగా దించేస్తారు, కానీ పెళ్ళి శుభలేఖలోని ‘విచ్చేయగలరు’ దగ్గర నసుగుతారు. అక్కడ బంధువుల శక్తి గురించి ఎవరికీ సందేహం లేదు, అది మర్యాద. అలాంటి చోట పొదేర్‌కే మెత్తని రూపమైన ‘పొద్రీయా’ వాడమంటాను; ఫోనులో అవతలివాళ్ళను ‘మీరు’ అనేటప్పుడు కూడా అదే మెత్తన. ఇందులో మనకు ఇంకో లాభముంది. ‘తూ’, ‘ఉస్తెద్’ తేడాను మా పిల్లలకు విడిగా నేర్పక్కర్లేదు, నువ్వు–మీరు ఇంట్లోనే నలిగాయి.

అసలు చిక్కు ‘రాదు’తో. గోడ మీద నిషేధమైన మాట, మా పక్కింటి పెద్దమ్మ నోట ఆహ్వానమవుతుంది: ‘జర కూసోరాదు బిడ్డా, ఇంత తినిపోరాదు.’ దీన్ని స్పానిష్‌లోకి ఎలా తేవాలో చెప్పమన్నాను. ఒకమ్మాయి వెంటనే ‘నో ప్వేదెస్ కోమెర్’ అని రాసింది. పుస్తకం ప్రకారం తప్పు లేదు. కాకపోతే అది విన్న చుట్టం కంచం ముందు నుంచి లేచిపోతాడు, నువ్వు తినడానికి వీల్లేదన్నారని. ‘పోర్ కే నో కోమెస్ ఆల్గో?’ అని దిద్దాను. అందులో పొదేర్ లేదేమని ఆ అమ్మాయి అడిగింది. పెద్దమ్మ అనుమతి ఇవ్వట్లేదు, బలవంతపెడుతోంది అన్నాను.